కాజ్ పంపిన నల్లగుర్రాలు

న్యూయార్క్ రాష్ట్రం, బఫెలో నగరం తూర్పు పేటలో కాపురముంటూ, ముప్పై ఏళ్లు ఊరి బస్సు నడిపి రిటైరైన లూసిల్ కుబియాక్ అనే నేను, కీర్తిశేషులు స్టాన్లీ కుబియాక్ గారి చిన్న కూతురిని, వయసు అరవై ఏడు, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టప్రకారం రాసి సంతకం చేస్తున్న వీలునామా ఇది. నా తెలివి మీద మా కుటుంబంలో ఇద్దరికి అనుమానం ఉంది. అందుకని డాక్టరు దగ్గరికి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చి దీనికి జతచేశాను. ఈరోజు ఏ వారం, దేశానికి అధ్యక్షుడెవరు అని ఆయన అడిగాడు. రెండూ చెప్పాను. రెండోదాని మీద నా అభిప్రాయం కూడా చెప్పాను. అది సర్టిఫికెట్‌లో రాయలేదు.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో నా సమస్తమూ మా అక్క డెల్ఫిన్ కొడుకు నీల్‌కు రాశాను. ఎందుకు రద్దు చేయాల్సి వచ్చిందో కింద ఉంది. నీల్, నీ పేరు ఎక్కడుందా అని పేజీలు తిరగెయ్యకు. వరసగా చదువు.

2. నాతోపాటు బస్సు డిపోలో పనిచేసిన ఓపల్ జెనింగ్స్‌ను ఈ వీలునామా అమలు జరిపే నిర్వాహకురాలిగా నియమిస్తున్నాను. ఆమెకు నా రికార్డులంటే పడదు. ఆమెది చర్చి గాయక బృందం. మొదటిసారి మా ఇంట్లో నా పాటలు విని, "ఏంటే లూ ఇది, రేకుల షెడ్డులో పిల్లులు కొట్టుకుంటున్నట్టు" అంది. అందుకే ఆమెను ఎంచుకున్నాను. రికార్డులంటే చొంగ కార్చేవాడికి వాటి కాపలా అప్పగించడం దొంగ చేతికి తాళాలివ్వడమే. ఓపల్ చేతిలో అవి భద్రంగా ఉంటాయి. తెరిచి కూడా చూడదు.

ఆమె శ్రమకు ప్రతిఫలంగా నా కారు, నా మంచు పార, శీతాకాలపు కోటు సర్వహక్కులతో ఆమెకే చెందాలి. కోటు బిగుతవుతుందని అంటుంది. అననివ్వండి. తొడుక్కుంటుంది.

3. నా చరాస్తుల్లో ముఖ్యమైనవి విదేశాల్లో అచ్చైన రాక్ రికార్డులు. అవి ఎలా వచ్చాయో తెలియకుండా ఎవరికి ఏది ఎందుకిచ్చానో అర్థం కాదు. కాబట్టి చెబుతున్నాను. లాయరు ఇది వీలునామాలో పట్టదన్నాడు. కాగితం నాది, పట్టించాను.

మేం ముగ్గురం: పెద్దది డెల్ఫిన్, నడిమివాడు అన్నయ్య కాజిమిర్, ఆఖరుదాన్ని నేను. అన్నయ్యను అందరం కాజ్ అనేవాళ్లం. మా ఇంటి అటకమీద ఒక పాత రికార్డు ప్లేయరు ఉండేది. దాని చుట్టూ నలుగురం చేరేవాళ్లం. నాలుగోవాడు రోనీ, డెల్ఫిన్‌ను చేసుకోబోయేవాడు. సాల్ట్ వార్డెన్స్ అనే ఇంగ్లండు బృందం మూడో ఆల్బమ్ వచ్చినప్పుడు నలుగురం చిల్లర పోగుచేసి కొన్నాం. అట్టమీద సముద్రంలో మోకాళ్ల లోతున నిలబడిన నల్లగుర్రం బొమ్మ. ఆ రికార్డు అరిగిపోయేదాకా విన్నాం.

1969లో యుద్ధానికి రమ్మని సైన్యం నుంచి పిలుపు వచ్చింది. కాజ్‌కూ రోనీకీ ఒకే నెలలో. రోనీ వెళ్లాడు. కాజ్ వెళ్లనన్నాడు. మా నాన్న అంతకుముందటి యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి, మా పేటలో మాజీ సైనికుల సంఘానికి పెద్ద. అన్నం బల్ల దగ్గర కాజ్ నెమ్మదిగా చెప్పాడు. "నాన్నా, నేను ఎవర్నీ చంపలేను." నాన్న చెంచా కింద పెట్టలేదు. "అయితే నా ఇంట్లో తినలేవు" అన్నాడు.

నది అవతల కెనడా. మధ్యలో పీస్ బ్రిడ్జి. నాన్న కారులో కాజ్‌ను వంతెన దాకా నేనే దింపాను. మర్నాడు నాన్న, "వాణ్ణి ఎవరు దింపారు?" అని ఇల్లంతా వినబడేలా అడిగాడు. అమ్మ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పకు అని. "నేనే" అన్నాను. ఆ రోజునుంచి కారు తాళంచెవి ఆయన దిండు కిందికి చేరింది. తర్వాత బస్సు డిపోలో ఆడవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి మొదటి వారంలోనే వెళ్లి చేరాను. బస్సు ఆయన కారుకంటే చాలా పెద్దది.

మరుసటి ఏడు రోనీ పెట్టెలో తిరిగొచ్చాడు.

4. కాజ్ సరుకు ఓడల్లో పనికి చేరాడు. అతని చేతిరాతతో వచ్చిన ఉత్తరాలను నాన్న గుమ్మంలోనే పోస్ట్‌మన్‌కు తిప్పి ఇచ్చేసేవాడు. కొన్నాళ్లకు నా పేరుమీద ఒక పలచని చదరపు పార్శిల్ వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో "విదేశీ రికార్డుల క్లబ్బు, సభ్యురాలు: కుమారి ఎల్. కుబియాక్" అని ఉంది. నేను ఏ క్లబ్బులోనూ చేరలేదు. విప్పితే నల్లగుర్రం. జపానులో అచ్చైనది, ఒక పక్కన జపాను అక్షరాల కాగితపు పట్టీ. లోపల ఉత్తరం లేదు, చీటీ లేదు. అక్కర్లేదు కూడా. పోస్టు ముద్ర చాలు: కాజ్ యొకొహామా రేవులో ఉన్నాడు, బతికే ఉన్నాడు.

ఆ తర్వాత ఓడ ఎక్కడ ఆగితే అక్కడినుంచి అదే ఆల్బమ్. బ్రెజిల్, మెక్సికో, గ్రీసు, దక్షిణాఫ్రికా. కలకత్తానుంచి వచ్చినదాని అట్ట చెమ్మకు ఉబ్బి అప్పడంలా ఉంది. కొరియాలో అచ్చైనదాంట్లో ఒక పాటే లేదు. తుపాకి పారేసి ఇంటికి నడిచొచ్చే సైనికుడి పాట అది. అక్కడి ప్రభుత్వం తీసేయించిందట. స్పెయిను అట్టమీద గుర్రానికి బదులు పూలకుండీ. ఇస్తాంబుల్‌ది మరీ వింత. అక్కడివాళ్లు అసలు బొమ్మ దొరక్క స్థానికంగా ఎవరిచేతో గీయించారు. గీసినవాడు గుర్రాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు. అది గాడిద.

పార్శిల్ తలుపు దగ్గర అందుకునేది ఎప్పుడూ నాన్నే. "వచ్చాయి నీ గుర్రాలు. ఆ క్లబ్బువాళ్లకు ఇంకో బొమ్మ దొరకదా?" అని నా మంచం మీద పడేసేవాడు. ఒకసారి మాత్రం పడేయలేదు. పైనున్న అక్షరాలు చాలాసేపు చూసి, మెల్లగా పెట్టి వెళ్లాడు. ఆయనకు తెలుసని ఓపల్ అంటుంది. తెలియదని నేనంటాను. తెలిసీ ఊరుకున్నాడంటే ఆయన్ని క్షమించాల్సి వస్తుంది. నాకంత తీరిక లేదు.

అన్ని ఊళ్లనుంచి వచ్చినవీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి వినడం మొదలుపెట్టాక నాకు ఈ పిచ్చి పట్టింది. పాట ఒకటే, కానీ అచ్చు మారితే గొంతు మారుతుంది. జపాను రికార్డులో డ్రమ్ము పడేముందు గాయకుడు ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తుంది. మెక్సికోదాంట్లో ఆ ఊపిరే లేదు, మనిషి ఏకంగా అరుస్తూ లోపలికొస్తాడు. కలకత్తాదాంట్లో చిటపటలాడే వాన, ఆ వానలో గిటారు. ఏది అసలైనదని అడిగితే చెప్పలేను. అన్నీ అసలైనవే. సెలవు దొరికితే టొరంటో, పిట్స్‌బర్గ్ సంతలకు వెళ్లి వేరే బృందాల విదేశీ అచ్చులు కూడా వెతికి తెచ్చాను. రెండు గదులు నిండాయి. పెళ్లి చేసుకుంటే మూడోది కూడా నిండేదని ఓపల్ అంటుంది, మొగుడు సర్దుకుపోడు కాబట్టి ఆయన గది ఖాళీ అయ్యేదట.

5. నది అవతల పోర్ట్ కోల్‌బోర్న్ అనే ఊరుంది. కాజ్ ఓడలు మానేశాక అక్కడ ఓడలు దాటే కాలవ గేట్ల దగ్గర పనిచేసి, అక్కడే పోయాడు. ఆ ఊరి లైబ్రరీకి నా రికార్డులన్నీ, ఈ కింద మినహాయించినవి తప్ప, నల్లగుర్రాలతో సహా దఖలుపరుస్తున్నాను. షరతులు:

క) అద్దాల బీరువాలో పెట్టకూడదు. గోడకు తగిలించకూడదు. పుస్తకాల్లాగే ఇంటికి అరువివ్వాలి.

ఖ) గీతలు పడతాయి. పడనివ్వండి. పద్దెనిమిదేళ్ల పిల్ల చేతులు తడబడి సూది జారిస్తే ఆమెకు జరిమానా వెయ్యకూడదు.

గ) అమ్మకూడదు. ఒకటికూడా. "ఒకే ఆల్బమ్ ఇన్ని ఎందుకు" అని ఏ అధికారైనా అంటే అతనికి జపానుది, మెక్సికోది వరసగా వినిపించండి. అప్పటికీ అడిగితే ఉద్యోగం మార్చుకోమనండి.

ఊళ్లో లైబ్రరీలు లేవా, సరుకంతా పరాయి దేశానికి ఇస్తావా అని మా అక్క అడుగుతుంది. అవును అక్కా, ఇస్తాను. వినాలంటే నువ్వు వంతెన దాటాలి. వాడు వెళ్లినప్పటినుంచి నువ్వు ఆ వంతెన ఎక్కలేదు.

6. వెండెల్ స్ప్రాగ్ అనే రికార్డుల వ్యాపారికి ఇస్తాంబుల్ రికార్డు అట్ట చెందాలి. అట్ట మాత్రమే. లోపలి రికార్డు లైబ్రరీకి వెళ్తుంది.

ఇది ఎందుకో అతనికి తెలుసు, మిగతావాళ్లకు తెలియాలి. మొదటిసారి సంతలో నన్ను చూసి, "మీ ఆయన కోసం చూస్తున్నారా మేడమ్? క్రిస్మస్ పాటలు ఆ చివర" అన్న మనిషి ఇతను. నా చేతిలో గాడిద బొమ్మ చూసిన రోజునుంచి మాత్రం మేడమ్‌లో గౌరవం పెరిగింది. అలాంటివి ప్రపంచంలో ఎక్కువ లేవట. అమ్మమని ఏళ్లతరబడి వెంటపడ్డాడు. నేను అమ్మలేదు.

2017 చలికాలం చివర మంచుమీద జారి తుంటి విరిగి నేను ఆసుపత్రిలో పడ్డాను. కాజ్ పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. నేను లేని సమయంలో డెల్ఫిన్, నీల్ మా ఇల్లు "సర్దారు". ఇల్లు అమ్మి నన్ను వృద్ధాశ్రమంలో పెట్టాలని వాళ్ల ఆలోచన. సామాను అంచనా వేయడానికి సాయం వస్తానని స్ప్రాగ్ దొర ఊడిపడ్డాడు. నల్లగుర్రాల పెట్టె మొత్తం నీల్ దగ్గర కొనుక్కుని పోయాడు.

వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చి చూస్తే అర ఖాళీ. నీల్‌ను పిలిచాను. పాపం, వాడికి తనేం చేశాడో కూడా తెలియదు. "అదేంటి పిన్నీ, అన్నీ ఒకటే కదా! ఒకే ఆల్బమ్ ఇరవైసార్లు ఎందుకు? నీకోసం ఒకటి ఉంచా, చూడు" అన్నాడు. ఉంచింది మేం అటకమీద విన్న మన ఊరి కాపీ. దేశంలో ప్రతి గ్యారేజిలో దొరికేది.

మరుసటి ఆదివారం పక్క ఊరు చీక్‌టవాగాలో, అగ్నిమాపకదళం వాళ్ల హాల్లో రికార్డుల సంత. ఓపల్ నన్ను తీసుకెళ్లింది. స్ప్రాగ్ బల్ల వెనక గోడకు నా గుర్రాలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతున్నాయి. నడిమధ్యన గాడిద. నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్లి అతని కుర్చీలో కూర్చున్నాను.

"మేడమ్, ఏం చేస్తున్నారు?"

"నా సామాను దగ్గర కూర్చున్నాను."

"మీ అక్కగారి అబ్బాయి అమ్మితే కొన్నాను. నా దగ్గర రసీదు ఉంది."

"వాడిది కానిది వాడు అమ్మాడు. నీ డబ్బు వాడు నీకు తిరిగిస్తాడు. నావి దించు."

"లేవండి ముందు. అది నా కుర్చీ."

"నాయనా, ముప్పై ఏళ్లు సీట్లో కూర్చుని బతికినదాన్ని. తుంటిలో ఇనుము కూడా వేశారు. నాకు లేవడం రాదు, కూర్చోవడమే వచ్చు."

పోలీసుల్ని పిలుస్తానన్నాడు. ఓపల్ బస్సులో వెనకసీటు దాకా వినబడే గొంతు తీసింది. "పిలు బాబూ, పిలు! ఆసుపత్రిలో ఉన్న ముసలిదాని ఇంట్లోంచి ఏమేం తెచ్చావో నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" హాలంతా ఇటు తిరిగింది.

కూర్చున్నాను. బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఇది యొకొహామానుంచి మా అన్నయ్య పంపింది. ఇది ఏథెన్స్‌నుంచి. అమ్మకానికి లేదు. వచ్చినవాళ్లు విని పక్కకు జరిగేవాళ్లు, కానీ వెళ్లేవాళ్లు కాదు. మధ్యాహ్నానికి ఎదురు బల్లవాడు తన ప్లేయరు ఆపేశాడు. ఎవరో నాకు గొడ్డుమాంసం శాండ్‌విచ్ తెచ్చిపెట్టారు, అందులో ఘాటైన గుర్రపుముల్లంగి పచ్చడి కాస్త ఎక్కువైంది. ఆ రోజు స్ప్రాగ్ బల్లమీద ఒక్క రికార్డూ కదల్లేదు. హాలు ఊడ్చేవాడు చీపురుతో వచ్చినప్పుడు స్ప్రాగ్ తనే నిచ్చెన ఎక్కాడు. "తీసుకెళ్లు తల్లీ, తీసుకెళ్లు! నీకో దండం, నీ గాడిదకో దండం!" అన్నాడు.

స్ప్రాగ్ గారూ, మీరు రికార్డుల్ని ప్లాస్టిక్ విప్పకుండా కొంటారు, విప్పకుండా అమ్ముతారు. అట్ట మీ ఆశ, తీసుకోండి. లోపలి పాట ఎలా ఉంటుందో ఎప్పుడైనా వినబుద్ధైతే లైబ్రరీలో కార్డు తీసుకుని, అందరితోపాటు వరసలో నిలబడండి.

7. నీల్‌కు నా ఇల్లు, సర్వహక్కులతో. వాడు చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. సంత జరిగిన మర్నాడు వచ్చి నా వంటింట్లో నిలబడి, "పిన్నీ, నాకు మామయ్య ఉన్నాడని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నలభై దాటిన మగవాడు. ఆ మాటకు నాకు వాడిమీద కోపం చల్లారింది, ఇంకొకరి మీద పెరిగింది. ఆ రోజు వాడికి ఏథెన్స్ రికార్డు పెట్టి వినిపించాను. రెండో వైపు కూడా పెట్టమన్నాడు.

వాళ్లు నాకోసం ఎంచిన వృద్ధాశ్రమం రంగుల కాగితం వంటింటి తలుపుకు అంటించి ఉంది. అదికూడా నీల్‌కే. ఎప్పటికైనా పనికొస్తుంది.

8. మా అక్క డెల్ఫిన్‌కు నీల్ నాకోసం "ఉంచిన" ఆ అమెరికా కాపీ చెందాలి. అది విదేశీదీ కాదు, అరుదైనదీ కాదు. వెనకవైపు బాల్‌పెన్నుతో రోనీ రాసిన రాత ఉంది: "ఇది రోనీది. ముట్టుకుంటే చెయ్యి విరుగుద్ది." నలుగురం కొన్నదానిమీద తనొక్కడి పేరే రాసుకున్నాడని నువ్వు వాడితో గంటసేపు పోట్లాడావు, గుర్తుందా? నీకు కనబడితే ఏడుస్తావని ఇన్నాళ్లూ నీకు చూపలేదు. ఇప్పుడు ఏడువు. ఒళ్లో పెట్టుకుని ఏడువు.

కానీ ఒక మాట. రోనీని కాజ్ చంపలేదు. కాజ్ వెళ్లినా రోనీ చచ్చేవాడే, ఇంకో పెట్టె కూడా వచ్చేది, అంతే. పంపినవాళ్లను వదిలేసి, వెళ్లనన్నవాడి మీద జీవితమంతా పగబట్టావు. ఇది నీకు ఫోనులో చెబితే టక్కున పెట్టేశావు. ఇప్పుడు పెట్టేయడానికి ఫోను లేదు. లాయరు పైకి చదువుతాడు. కూర్చుని విను.

9. సమాధి స్థలం.

నేను పుట్టిన ఏడాది నాన్న మా పేట శ్మశానంలో వరసగా అయిదు సమాధుల స్థలం కొన్నాడు. 1969 తర్వాత కాజ్ వంతు స్థలాన్ని జెలిన్స్కీ అనే కుళాయిలు బాగుచేసే ఆయనకు అమ్మేశాడు. కాబట్టి మా కుటుంబం వరసలో చివరన ఒక పరాయి ప్లంబరు పడుకుని ఉన్నాడు. ఆయనతో నాకు పేచీ లేదు. పోయేముందు నాన్న మిగిలిన రెండు స్థలాలూ డెల్ఫిన్ పేర ఒకటి, నా పేర ఒకటి దస్తావేజు రాయించాడు.

1977లో కొత్త అధ్యక్షుడు యుద్ధానికి వెళ్లనివాళ్లందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. కాజ్ వంతెన దాటి నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న తలుపు తీయలేదు. "దేశం క్షమించిందిరా, నేను దేశాన్ని కాను" అని లోపలినుంచే అన్నాడు. కాజ్ వరండాలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు. నేను పైకి వెళ్లి నా రికార్డుల పెట్టె, రెండు జతల బట్టలు తీసుకుని, ఆ తలుపు తీసుకునే బయటికి వచ్చాను. మళ్లీ ఆ ఇంట్లో పడుకోలేదు. ఆ తర్వాత ఆదివారం వస్తే నేను వంతెన అవతల ఉండేదాన్ని. కాజ్ పిండిలో బంగాళాదుంప కూరి పిరోగీలు వేయించేవాడు, సగం మాడ్చేవాడు. ఇద్దరం కిటికీలోంచి ఓడలు చూస్తూ ఏదో ఒక దేశం అచ్చు పెట్టుకునేవాళ్లం. "లూ, ఇవాళ ఏ గుర్రం ఎక్కుదాం?" అనేవాడు. నలభై ఏళ్లకు దగ్గరగా అలా గడిచింది. మాకు ఎవరూ ఏమీ బాకీ లేరనిపించేది, సోమవారం వచ్చేదాకా.

2016లో ఊపిరితిత్తుల జబ్బుతో కాజ్ పోయాడు. పోయేముందు అడిగింది ఒక్కటే. "అమ్మ దగ్గర పెట్టవే, వీలైతే." వీలైతే అన్నాడు చూడండి. అదీ మా అన్నయ్య.

డెల్ఫిన్‌కు ఫోను చేశాను.

"అక్కా, వాణ్ణి నా స్థలంలో పెడుతున్నాను."

"నీకు మతిపోయిందా లూసీ? నాన్న సమాధిలో అటు తిరిగిపోతాడే!"

"తిరగనీ. ముప్పై ఏళ్లుగా ఒకే పక్కన పడుకుని ఒళ్లు పట్టేసి ఉంటుంది."

"రోనీ అదే శ్మశానంలో ఉన్నాడు. వాడి ముందునుంచి వీణ్ణి మోసుకెళ్తావా?"

"మోసుకెళ్తాను. వాళ్లిద్దరూ స్నేహితులు. మధ్యలో ఉన్నది మనం."

అప్పుడే ఫోను పెట్టేసింది.

చితాభస్మం ఉన్న చెక్కపెట్టెను కారులో ముందుసీట్లో పెట్టి సీటు బెల్టు బిగించాను. నేను వెనక కూర్చున్నాను. ఓపల్ నడిపింది. వంతెన ఈవల అమెరికా అధికారి కిటికీలోంచి తల పెట్టాడు.

"డిక్లేర్ చేయాల్సిన సరుకేమైనా ఉందా?"

"మా అన్నయ్య" అన్నాను.

ముందుసీటు చూశాడు, నన్ను చూశాడు. "ఆయన ఏ దేశం పౌరుడు మేడమ్?"

"ఇక్కడే పుట్టాడు. 69లో వెళ్లేటప్పుడు మీవాళ్లకు చెప్పకుండా వెళ్లాడు. అందుకే ఇప్పుడు చెప్పి మరీ తీసుకొస్తున్నాం."

కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "మరి పెట్టెకు బెల్టెందుకు?"

"పెట్టకపోతే జరిమానా రాస్తావని" అంది ఓపల్.

నవ్వాలో వద్దో తెలియక ఆ కుర్రాడు కాగితాలు చేతికిచ్చి చెయ్యి ఊపాడు. అలా మా అన్నయ్య పగటిపూట, పేరు చెప్పుకుని, స్వదేశానికి వచ్చాడు.

పూడ్చేటప్పుడు నేను, ఓపల్, గొయ్యి తవ్వినతను. ఓపల్ పాడింది. నా పాట కాదు, ఆమె చర్చి పాటే, కానీ బాగుంది. ఆ సేపంతా శ్మశానం గేటు అవతల ఒక బూడిదరంగు కారు ఇంజిను ఆపకుండా నిలబడి ఉంది. డెల్ఫిన్, నువ్వు దిగలేదు. కానీ వచ్చావు. నేను చూశాను. చూసినట్టు ఇన్నాళ్లూ చెప్పలేదు, చెబితే రాలేదని వాదిస్తావని.

కాబట్టి నిర్వాహకురాలికి నా ఆదేశం: నన్ను అదే స్థలంలో, కాజ్ పెట్టె పైన పెట్టాలి. ఒక శవపేటికా ఒక చితాభస్మం ఒకే స్థలంలో ఉండవచ్చని ఆఫీసువాళ్లు రాసిచ్చారు. సైనికుల సంఘం హాల్లో భోజనాలు పెట్టకూడదు. మా వీధి చివర బారులో పెట్టాలి, శుక్రవారమైతే వేయించిన చేపతో, వేరే రోజైతే ఏదుంటే దానితో. పాటలు మాత్రం నావే, గట్టిగా పెట్టాలి. ఓపల్ చెవుల్లో దూది పెట్టుకోవచ్చు.

10. రాయి.

కుటుంబం పేరున్న పెద్దరాయి మీద కాజ్ పేరు చెక్కించాలంటే వారసులందరి సంతకాలూ కావాలి. డెల్ఫిన్ సంతకం పెట్టదు. రెండేళ్లు అడిగాను. ఇక అడగను, ఈ వీలునామాలో కూడా అడగడం లేదు. అక్కా, నీ కొడుక్కి ఇల్లు ఇస్తా సంతకం పెట్టు, రికార్డు ఇస్తా సంతకం పెట్టు అని బేరమాడే మనిషిని కాను. నీకిచ్చింది నీకే, ఊరికే.

శ్మశానం ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. "ఎవరి స్థలంలో వాళ్ల సొంత రాయి వేసుకోవచ్చమ్మా. అందులో మీ గురించి మీరు ఏం రాసుకున్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు" అన్నాడు. నా గురించి ఏం రాసుకున్నా. ఆ మాట బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా నాలో తిరుగుతూనే ఉంది.

మర్నాడు రాళ్లు చెక్కేవాడి దగ్గరికి వెళ్లి రాసిచ్చాను. అతను చదివి తల గోక్కున్నాడు. "ఫలానావారి భార్య అనో, తల్లి అనో వేయించుకుంటారండీ. చెల్లెలు అని ఎవరూ వేయించుకోరు."

"నేను వేయించుకుంటాను. చెక్కు" అన్నాను.

రాయి ఇప్పటికే నిలబెట్టేశారు. ఎవరూ ఆపడానికి లేదు, పీకడానికి లేదు, స్థలం నాది, వాక్యం నా గురించి. "లూసిల్ కుబియాక్, కాజిమిర్ కుబియాక్ చెల్లెలు. అన్నాచెల్లెళ్లం ఇద్దరం ఇక్కడే ఉన్నాం." నిన్న వెళ్లి చూసి వచ్చాను. కాజ్ పేరు నా పేరుకంటే పెద్ద అక్షరాల్లో పడింది. చెక్కేవాడు పొరపాటు జరిగిందని కంగారుపడి, ఉచితంగా దిద్దిస్తానన్నాడు. దిద్దనివ్వలేదు.

ఇందులోని ప్రతి మాటా నాది. పూర్తిగా చదివి, ఒక్క అక్షరం కూడా మెత్తబరచకుండా, బఫెలో నగరంలో 2018 అక్టోబరు పన్నెండో తేదీన, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం) లూసిల్ కుబియాక్

ఆమె మా కళ్లెదుట, మా ఇద్దరి సమక్షంలో సంతకం చేసింది. ఆమె కోరికపై మేమూ చేశాం. ఈ ఆస్తిలో మాకెవరికీ భాగం లేదు.

సాక్షులు:
1. మార్విన్ టిబ్స్, బస్సు డిపో మెకానిక్ (రిటైర్డ్)
2. థియోడోరా వెంజెక్, పక్కింటి వాస్తవ్యురాలు